చెట్టుతో వరస

మా తోట నూజివీడు నుంచి ఆగిరిపల్లి వెళ్లే వైపు ఉంటుంది. ఎనిమిదెకరాలు. బంగినపల్లి ఎక్కువ, కలెక్టరు కొంత, గట్టు వెంట చిన్నరసాలు. నడుమ మా మామగారి నాటి పెద్దరసం చెట్టు, దాని మొదట్లో పసుపు రాసిన మూడు రాళ్లు. తొలి కోతనాడు మా అత్తగారు ఆ రాళ్ల ముందు రెండు కాయలు పెట్టి, చెంబుడు నీళ్లు పోసి, ఆ తర్వాతే చిక్కం కర్ర ఎత్తనిచ్చేవారు. ఆవిడ పోయాక తోటను పూత మీదే అమ్మేయడం మొదలెట్టాం. కొనుక్కున్నవాళ్లే కోసుకుంటారు, వాళ్ల లారీలోనే నున్న మార్కెట్‌కు పోతుంది. తొలికాయ ఏమైందని నేనెప్పుడూ అడగలేదు. తెలుగు టీచరుగా చేశాను. ఉపనిషత్తుల గురించి గంటసేపు మాట్లాడగలను. రాళ్లకు పసుపు రాయడం మాత్రం చదువు లేనివాళ్ల పని అనుకున్నాను. ఇప్పుడది చెప్పుకోవాలంటే బాధగా ఉంది.

2024 సంక్రాంతికి ఇంగ్లండులో, సోమర్సెట్‌లో మా అమ్మాయి దగ్గరున్నాను. జనవరి 17 రాత్రి పక్కింటావిడ మమ్మల్ని ఒక ఆపిల్ తోటకు తీసుకెళ్లింది. ముసలి చెట్టు చుట్టూ ఊరి జనం. సైడర్ అనే పులిసిన ఆపిల్ రసంలో రొట్టెముక్కలు ముంచి కొమ్మల మీద పెట్టారు. మిగతా రసం చెట్టు మొదట్లో పోశారు. పీడ పోవాలని గిన్నెలు మోగించారు, తుపాకులు పేల్చారు. వాసెయిల్ అంటారట. 1752లో ఆ దేశం క్యాలెండరు మార్చి పదకొండు రోజులు తీసేస్తే, కొన్ని ఊళ్లవాళ్లు ఈ పండక్కి పాత లెక్క వదల్లేదు, అందుకే కొత్త లెక్కలో 17. చలికి నా కాళ్లు కొయ్యబారాయి. నాకు మాత్రం కనుమ తెల్లవారుజామున పొలి చల్లుతూ పొలం చుట్టూ కేకలేసే మా తాతే కనిపించాడు.

అక్కడికొచ్చిన చాలామందికి అది ఊరి వేడుక. పక్కింటావిడకు మతం. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండు, వేల్స్‌లలో పేగన్లమని, అంటే క్రైస్తవానికి ముందటి దేవతలను కొలిచేవాళ్లమని, రాయించుకున్న సుమారు 74 వేల మందిలో ఆవిడొకరు. రిటైరైన నర్సు. తల్లిది ఐర్లండు కాబట్టి అక్కడి దేవతలూ, తండ్రివైపు నుంచి నార్స్, అంటే పాత స్కాండినేవియా, దేవతలూ ఆవిడకు కావాలి. గురువారానికి ఇంగ్లీషు పేరు థోర్ అనే ఉరుముల నార్స్ దేవుడి మీద వచ్చిందే. మనం లక్ష్మివారం అన్నట్టే. ఆ రోజు పెరటి చెట్టు మొదట్లో కాస్త బీరు పోస్తుంది. అక్టోబరు 31 రాత్రి, సావిన్ పండక్కి, పోయిన తల్లికి కంచం పెడుతుంది. మనం సంక్రాంతికి పెద్దలకు పెట్టుకోమూ? రోజూ పొద్దున టీ నీళ్లు మరిగేలోపు వెనక తలుపు తీసి, వాగుతో ఒక మాట చెప్పి వస్తుంది.

"నిజంగా థోర్ ఉన్నాడని నమ్ముతారా?" అని అడిగేశాను. మా అమ్మాయి ఇబ్బంది పడింది. ఆవిడ కాసేపు ఆలోచించి, "ఉరిమితే పలకరిస్తాను" అంది. తర్వాత, "మాకు ఈ తాడు వెయ్యేళ్ల కిందట తెగిపోయింది. పుస్తకాల్లోంచి ఏరి ముడేసుకుంటున్నాం. మీకు తెగలేదు కదా" అంది. నాకు నోట మాట రాలేదు.

ఆవిడ చెప్పింది నిజమే. ఆ నార్స్ కథల్లో చాలావరకు 13వ శతాబ్దంలో స్నోరి అనే ఐస్‌లాండు క్రైస్తవుడు రాసిపెట్టబట్టి మిగిలాయి. 1972లో అదే ఐస్‌లాండులో స్వెయిన్‌బ్యోర్న్ బెయింటైన్సన్ అనే గొర్రెల రైతు, కవి, కొందరితో కలిసి పాత దేవతల కోసం సంఘం పెడితే మరుసటి ఏడు ప్రభుత్వం గుర్తించింది. మన ఊరి జాతరలనూ మద్రాసు బిషప్ వైట్‌హెడ్ 1916లో పుస్తకంగా వేశాడు. కానీ ఆ పుస్తకం తెరవకుండానే చేసేవాళ్లు మనకింకా ఉన్నారు.

నమ్మకం ముందా, ఆచారం ముందా అని నేనూ చాలా చదివాను. నాకు ఇప్పుడు తోస్తున్నది వేరు. బస్సులో పక్కన కూర్చున్నావిడను పది నిమిషాల్లో పిన్నినో అక్కయ్యనో చేసుకుంటాం మనం. ముందు వరస, తర్వాత సంగతి. ఊరిదేవత అమ్మ, పోతురాజు ఆ అమ్మలకు తమ్ముడు. ఈ దేవతలతో మనకున్నది చుట్టరికం. వరస కలిశాక కొన్ని పనులు చేయబుద్ధి కాదు. కళ్లంలోకి చెప్పులతో పోం. పూర్వం ఐస్‌లాండులోనూ, నేలను కాచే శక్తులు జడుసుకోకుండా, ఓడ తీరం చేరకముందే దాని ముందున్న భయంకరమైన తలను తీసేయాలని చట్టం ఉండేదట. పలకరిస్తే తేనెమంచు పురుగు పోతుందా? పోదు. మందు కొట్టాల్సిందే. కాకపోతే ఖాళీ మందు డబ్బాను ఆ చెట్టు కిందే విసిరేయలేం.

చుట్టరికమనే మాటలో ప్రమాదమూ ఉంది. నార్స్ దేవతలు తెల్లవాళ్ల రక్తానికే సొంతమనేవాళ్లు యూరప్‌లో, అమెరికాలో ఉన్నారు. వాళ్లంటే పక్కింటావిడకు మంట. ఆ రాత్రి సైడర్ పోసే చెంబు నా చేతికే ఇచ్చింది. మన దగ్గర? జాతరలో అమ్మవారి ముందు డప్పు కొట్టి నడిచిన మనిషిని మర్నాడు గడప అవతలే నిలబెట్టడం నేను కళ్లారా చూశాను. దేవతతో కలిపిన వరస మనిషితో తెంపుకుంటే అదేం వరస?

ఏప్రిల్‌లో తిరిగొచ్చి తోటకెళ్లాను. రాళ్ల మీద పసుపు తాజాగా ఉంది, ముందు రెండు కాయలు. కావలి కుటుంబంలోని ఆవిడ పెడుతోందట, ఇన్నేళ్లూ. ఎందుకని అడిగాను.

"రోజూ ఈవిడ నీడనే కదండీ పడుకుంటన్నాం. పలకరించకపోతే ఎట్టాగండీ?"

"ఏమని పిలుస్తావ్?"

"పెద్దమ్మా అంటానండీ. మీకేమవుద్దో మరి."

చెంబు అందుకుని నీళ్లు పోశాను. నా నోటికి "అత్తమ్మా" అని వచ్చింది.