తీగెలోని దోషము, మనిషి మీది నింద



ఒక వస్తువు చెడిపోయినప్పుడు మనము మొదట వెదకునది దేనిని? దోషమునా, దోషినా? ఈ రెండును ఒక్కటే పని అని తలంతుము గాని అవి వేరు వేరు పనులు. ఆరాధన నడుమ గిటారు మ్రోగక ఆగిపోయిన ఒక ఆదివారమును ఊహించుకొనుడి. పెద్దలు వాయించు పిల్లవాని వైపు చూతురు. పిల్లవాడు మైకుసెట్టు వాని వైపు చూచును. మైకుసెట్టువాడు కరెంటును తిట్టును. జనులు మందిరము విడువకముందే తీర్పులన్నియు ముగియును గాని, ఒక్క స్క్రూ అయినను ఎవరును విప్పి చూచి యుండరు. ఇది అల్ప విషయమే. అయినను ఇట్టి అల్పపు తీర్పుల వలననే ఇంటికిని ఇంటికిని మాటలు తెగిపోవుట మనమందరము ఎరిగినదే. కాబట్టి ఈ నెల ఎలక్ట్రిక్ గిటారును ఎదుట పెట్టుకొని ఈ ప్రశ్నను విచారింతము.

మామూలు గిటారునకు డొల్లయైన కడుపు కలదు. తీగె మ్రోగిన ధ్వని ఆ కడుపులో పెరిగి బయటికి వచ్చును. ఎలక్ట్రిక్ గిటారు తరచుగా గట్టి చెక్క. దాని తీగెల క్రింద అయస్కాంతములుండును. వాటి చుట్టు వెంట్రుకవంటి సన్నని రాగితీగె ఏడెనిమిది వేల చుట్లు చుట్టబడి యుండును. ఉక్కుతీగె కదలగానే ఆ చుట్టలో స్వల్పమైన కరెంటు పుట్టును. అయస్కాంతము వలన తీగెలో కరెంటు పుట్టునను సంగతిని 1831లో మైకేల్ ఫారడే కనుగొనెను. ఆయన కమ్మరివాని కుమారుడు, పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్చినవాడు, లండనులో ఒక చిన్న సంఘమునకు పెద్దగా ఉన్నవాడు. ఆ స్వల్పమైన కరెంటు ధ్వనిని హెచ్చుతగ్గులు చేయు మీటల గుండా, జాకు గుండా, పొడుగాటి వైరు గుండా పోయి ఆంప్లిఫైయరు పెట్టెలో బలపడి స్పీకరులో పాటగా వినబడును.

ఈ దారిలో ఎక్కడ తెగినను ఫలితము ఒక్కటే: నిశ్శబ్దము. నిశ్శబ్దము ఒకటి, దానికి కారణములు పది. చిక్కంతయు ఇక్కడనే యున్నది. పైకి కనబడు కీడును బట్టి లోపలి కారణమును చెప్పగలమని తలంచువాడు తొందరపడుచున్నాడు.

హైదరాబాదులో 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు మన పల్లెల నుండి అనేకులు చదువుకొనుటకు పోవుచుందురు. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ రాతి మేడను చూచి ఆశ్చర్యపడని పల్లెవాడు అరుదు. హాస్టలులో చోటు దొరకనివారు తార్నాకలోను, చుట్టుప్రక్కల బస్తీలలోను గదులు అద్దెకు తీసికొందురు. అట్టి ఒక గదికి మేము వెళ్లితిమి. మా ప్రాంతపు యువకుడొకడు అక్కడ ఉండి చదువుకొనుచు, స్నేహితుల గిటార్లను బాగుచేయుచుండెను. ఇనుప ట్రంకుపెట్టె అతనికి బల్ల. దానిమీద టంకము వేయు కడ్డీ, కరెంటు చూచు మీటరు, కోఠీలో కొనితెచ్చిన చిన్న సామానులు ఉండెను.

ఆ దినమున ఒకడు మ్రోగని గిటారును తెచ్చెను. తన స్నేహితుడు ఎరువు తీసికొనిపోయి చెడగొట్టెనని అతడు నమ్మియుండెను. మూడు నెలలుగా ఆ ఇద్దరికి మాటలు లేవు. యువకుడు ఆ కథను విని, ఏమియు అనక, మొదట వైరును మార్చెను. మ్రోగలేదు. తరువాత బాగుగా మ్రోగు వేరొక గిటారును అదే వైరునకు, అదే పెట్టెకు తగిలించెను. అది మ్రోగెను. కాబట్టి వైరును పెట్టెయు నిర్దోషులు. దోషము గిటారులోనే యున్నది. ఇట్లు దారిని సగమునకు విభజించి, మిగిలిన సగమును మరల సగము చేసి, ఒక్కొక్క మారు ఒక్కదానినే మార్చుచు పోయెను. రెండింటిని ఒకేసారి మార్చి బాగుపడినచో, ఏది రోగియో మనకు తెలియదు గదా అని అతడు చెప్పెను.

తుదకు జాకు వద్ద దోషము దొరికెను. జాకు నట్టు వదులై, వైరు గ్రుచ్చి తీసిన ప్రతిసారి అది లోపల తిరుగుచు, టంకము పట్టిన చోట తీగెను మెలిపెట్టి తెంచెను. ఆ టంకము మొదటనే సరిగా కరగక పైపైన అంటుకొని యుండెను. అది దానిని చేసిన దినమున పుట్టిన లోపము. ఎరువు తీసికొన్నవాని చేతిలో అది బయటపడినది, అంతే. సొంతదారుని చేతిలోనైనను బయటపడవచ్చును. చిటికెడు టంకముతో గిటారు మ్రోగెను. సొంతదారుడు మాత్రము చాలసేపు తలవంచుకొని కూర్చుండెను. మూడు నెలల మౌనమును ఆ కడ్డీతో అతికించుట ఎట్లు?

నిందకును పరీక్షకును భేదము ఇదియే. నింద వెదకుటను ముగించును. పరీక్ష వెదకుటను ఆరంభించును. దోషి దొరికెనని మనస్సు తృప్తిపడగానే చేతులు పని మానివేయును. ఎవరైనను అడుగవచ్చును: నిజముగా చెడగొట్టువారు లేరా? ఉన్నారు. గిటారును క్రింద పడవేసి దాచిపెట్టువారును ఉన్నారు. పరీక్ష అట్టివారిని విడిచిపెట్టదు. అయితే వారిపై మోపవలసినంత భారమును మాత్రమే మోపును. దోషమెంతో తెలియక వేసిన శిక్ష, తూకపురాయి లేని త్రాసు వంటిది.

మరియు కొన్ని చప్పుళ్లకు దోషి యెవడును లేడు. గిటారులో ఎడతెగక వినబడు గుయ్యిమను ధ్వనిని తీసికొనుడి. మన దేశములో ఇంటి కరెంటు సెకనుకు 50 మారులు ఊగును. గోడలలోని వైర్ల నుండియు లైట్ల నుండియు ఆ ఊపును గిటారు చుట్ట పట్టుకొని పాటతోపాటు మనకు వినిపించును. 1955లో అమెరికాలోని గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ అను ఇంజనీరు దీనికొక ఉపాయము చేసెను. రెండు చుట్టలను ప్రక్కప్రక్కన ఉంచి, చుట్టిన దిశను, అయస్కాంతపు ధ్రువములను ఒకదానికొకటి ఎదురుగా అమర్చెను. అప్పుడు బయటి గుయ్యి ఒకదానినొకటి కొట్టివేసికొనును. తీగె పాట మాత్రము కూడుకొనును. ఆయన ఎవరిని నిందించియు ఆ ధ్వనిని తగ్గించలేదు. అది ఎక్కడి నుండి వచ్చుచున్నదో గ్రహించి తగ్గించెను.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. గుయ్యిమను ధ్వనిని పోగొట్టుటకు కొందరు త్రీపిన్ ప్లగ్గులోని లావు పిన్నును, అనగా ఎర్తు పిన్నును, తీసివేయుదురు. ధ్వని తగ్గవచ్చును. గాని పెట్టెలో ఎక్కడైనను కరెంటు ఇనుప భాగమునకు తగిలినయెడల, అది భూమికి పోవు దారి లేక వాయించువాని దేహము గుండా పోవును. 1972లో వేల్సులోని స్వాన్సీ పట్టణములో లెస్ హార్వీ అను గిటారు వాద్యకారుడు, ఎర్తు సరిగా లేని మైకును ముట్టి వేదిక మీదనే మరణించెను. చప్పుడు లేకపోవుటయే ఆరోగ్యము కాదు. పొరుగువాని ప్రాణమును వెలగా ఇచ్చి కొనిన నిశ్శబ్దము పాపము. కుటుంబములలోను సంఘములలోను తగవును తీర్చక అణచిపెట్టువారు చేయు పనియు దీనిని పోలినదే.

అట్లే తెలియనిదానిని విప్పకూడదు. వాల్వులు గల పాత ఆంప్లిఫైయర్లలో 300 వోల్టులకు మించిన కరెంటు ఉండును. ప్లగ్గు తీసిన తరువాతను అది లోపలి కెపాసిటర్లలో నిలిచియుండి మనిషిని చంపగలదు. ఆ తార్నాక గదిలోనే ఒకడు అట్టి పెట్టెను తెచ్చి డబ్బు చూపగా, యువకుడు, “అన్నా, ఇది నాకు రాదు, తెలిసినవారి వద్దకు తీసికొనిపొండి” అని త్రిప్పి పంపెను. తెలిసినవాని పనితనము కంటె ఆ మాటను మేము ఎక్కువగా మెచ్చుకొంటిమి.

ఇంకొకని సంగతియు చెప్పవలెను. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టను పట్టణములో లియో ఫెండర్ 1938లో రేడియోలు బాగుచేయు దుకాణము పెట్టెను. ఆయనకు గిటారు వాయించుట రాదు. అయినను 1950వ దశకములో ఆయన చేసిన గిటార్లు లోకమంతట ప్రసిద్ధి కెక్కెను. ఆయన గిటారు మెడను మొండెమునకు జిగురుతో అంటించక స్క్రూలతో బిగించెను. ఒక భాగము చెడినచో దానినే విప్పి మార్చవచ్చును, గిటారంతటిని పారవేయనక్కరలేదు. చెడిపోవుట జరుగునని ముందే ఎరిగి, బాగుచేయుటకు దారి ఉంచిన పని అది. మన ఇండ్లలోను, పంచాయతీలలోను, సంఘములలోను తప్పిపోయినవాడు తిరిగి వచ్చుటకు అట్టి దారి ఉంచుచున్నామా?

కావున సహోదర సహోదరీలారా, ఇకమీదట మందిరములో మైకు గాని గిటారు గాని ఆగినప్పుడు, దోషము దొరకువరకు ఎవరి పేరును ఎత్తకుడి. దగ్గరనున్న వైరు నుండి ఆరంభించి ఒక్కొక్కటిగా చూడుడి. ఎర్తు పిన్నును తీయనియ్యకుడి. రానిదానిని రాదని చెప్పువానిని చులకన చేయకుడి. ఒకవేళ నిందించినది తప్పని తేలినయెడల, ఎంతమంది ఎదుట నిందించితిమో అంతమంది ఎదుట ఆ మాటను వెనుకకు తీసికొనవలెను. టంకము వేయుట కంటె ఇది కష్టము. అయినను దీనికి కోఠీ వరకు పోయి కొనవలసిన సామాను ఏదియు లేదు.