రెండో బాణం మాట ఎవరికి చెప్పాలి?

 

ఆదివారం వందన అయ్యాక మన విహారాల్లో తరచూ చెప్పుకునే సుత్తాల్లో సల్లత్థ సుత్త ఒకటి. సంయుత్త నికాయంలోది. మీకూ తెలిసే ఉంటుంది. బాణం తగిలినవాడికి ఒంట్లో నొప్పి పుడుతుంది. ధమ్మం తెలియనివాడు ఆ నొప్పిమీద ఏడ్చి, గుండెలు బాదుకుని, రెండో బాణం కూడా తగిలినట్టు అయిపోతాడు. తెలిసినవాడికి ఒక్క బాణమే. చెప్పడానికి తేలికైన కథ. నేనూ చాలా ఊళ్ళలో చెప్పాను.

నాలుగేళ్ళ క్రితం మా పెద్దమ్మకు కూడా చెప్పాను. ముప్పై ఏళ్ళకు పైగా నాట్లు వేసి, కలుపు తీసి, మిరపకాయలు కోసిన మనిషి. నడుం నొప్పి, అక్కడినుంచి కాల్లోకి దిగే పోటు. ఒక ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసి, "వయసుకు తగ్గ అరుగుదలే, పెద్దగా ఏం లేదు, ఆలోచనలు తగ్గించుకో" అని పంపేశారు. ఇంటికొచ్చాక నేను రెండో బాణం అందుకున్నాను. ఆమె అంతా విని, "ఒరే నాయనా, ఆ డాక్టరు చెప్పిందే నువ్వూ చెబుతున్నావు. ఆయన ఇంగ్లీషులో చెప్పాడు, నువ్వు పాళీలో చెబుతున్నావు, అంతే తేడా" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. నొప్పి పడుతున్న మనిషితో "నీ బాధలో సగం నీ మనసు చేసిందే" అనడం ధమ్మమేనా? అది నిజమే అనుకున్నా, అనే హక్కు ఎవరికి ఉంటుంది? ఈ ప్రశ్నతో తిరుగుతున్న రోజుల్లోనే రొనాల్డ్ మెల్జాక్ గురించి చదివాను. నేను ఆర్ట్స్ చదివినవాణ్ణి. నరాల సంగతి నాకు పుస్తకాల్లో దొరికినంతే. కానీ ఆయన జీవితమంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది. నొప్పి అంటే ఏమిటి?

మెల్జాక్ 1929లో కెనడాలోని మాంట్రియల్‌లో పుట్టాడు. అక్కడి మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ హెబ్ దగ్గర శిష్యరికం చేశాడు. అప్పటిదాకా వైద్యులు నమ్మింది దాదాపు మూడు వందల ఏళ్ళ నాటి దెకార్త్ లెక్క. కింద తాడు లాగితే పైన గుడి గంట మోగినట్టు, ఒంటికి దెబ్బ తగిలితే మెదడులో నొప్పి మోగుతుంది. దెబ్బ ఎంతో నొప్పి అంత. దెబ్బ కనిపించకపోతే నొప్పి అబద్ధం. మా పెద్దమ్మ ఎక్స్‌రే చూసిన డాక్టరు కూడా ఆ గంట లెక్కలోనే ఉన్నాడన్నమాట.

హెబ్ ప్రయోగశాలలో స్కాటిష్ టెర్రియర్ కుక్కపిల్లలను పసితనం నుంచి పెద్దయ్యేదాకా ఒంటరిగా గూళ్ళలో పెంచారు. బయటికి వదిలాక అవి వెలుగుతున్న అగ్గిపుల్ల మీదికి ముక్కు పెట్టేవి, కాలినా మళ్ళీ పెట్టేవి. నొప్పినుంచి తప్పుకోవాలనే సంగతి కూడా నలుగురిలో పెరిగితేనే వస్తుందని మెల్జాక్‌కు అర్థమైంది. 1957లో ఆ పరిశోధన అచ్చయింది. పంచశీలలో మొదటి శీలం తీసుకున్న మనకు ఇది చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. జలదరించాలి కూడా. ఆ జ్ఞానం వాడుకుంటూ ఆ కుక్కపిల్లల్ని మర్చిపోవడం నాకు చేతకాదు. అందుకే రాశాను.

తర్వాత ఆయన అమెరికాలోని ఒరెగాన్‌లో లివింగ్‌స్టన్ అనే సర్జన్ దగ్గర చేరాడు. అక్కడ మధుమేహంతో కాలు తీసేయాల్సి వచ్చిన ఒక పెద్దావిడ వచ్చేది. లేని కాలు నొప్పెడుతుందని చెప్పేది. తాడే లేదు, గంట మోగుతోంది! మెల్జాక్ ఆమె నొప్పి అబద్ధం అనలేదు. ఆమె వాడే మాటలు కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టాడు. కాలుతున్నట్టుందా, పొడుస్తున్నట్టుందా, పిండుతున్నట్టుందా? ఇతర రోగుల మాటలూ చేర్చాడు. 1975లో అది మెక్‌గిల్ నొప్పి ప్రశ్నావళిగా వచ్చింది. 20 గుంపుల్లో 78 మాటలు. ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు.

ఈ చోట కాస్త ఆగండి. మన తెలుగులో ఎన్ని మాటలున్నాయో చూడండి. పోటు, సలుపు, తీపు, మంట, గుంజుడు, పీకుడు, లాగుడు, తిమ్మిరి, పట్టేయడం, కలుక్కుమనడం, జివ్వుమనడం, చురుక్కుమనడం, సూదులు గుచ్చినట్టుండటం. పంటి సలుపు వేరు, నడుం పట్టేయడం వేరు. ఇవి పండితులు నిఘంటువులో కూర్చున్నవి కావు. పొలాల్లో వంగినవాళ్ళు, మూటలు మోసినవాళ్ళు, కాన్పులు పడ్డవాళ్ళు చేసిన మాటలు. అయినా ఆస్పత్రి చీటీ మీద ఇవన్నీ "ఒళ్ళు నొప్పులు" అనే ఒక్క ముక్క అయిపోతాయి.

మెల్జాక్, ఇంగ్లండ్‌కు చెందిన పాట్రిక్ వాల్ కలిసి 1965లో 'సైన్స్' పత్రికలో గేటు సిద్ధాంతం ప్రకటించారు. వెన్నుపాములో ఒక గేటులాంటి ఏర్పాటు ఉంది, నొప్పి వార్త అక్కడ హెచ్చుతుంది, తగ్గుతుంది అన్నారు. మోకాలికి దెబ్బ తగిలితే చేత్తో రుద్దుకుంటాం కదా, ఆ స్పర్శ గేటును కొంత మూస్తుంది. పైనుంచి మెదడు కూడా ఆ గేటును తెరుస్తుంది, మూస్తుంది. అందులో చెప్పిన నరాల అమరికను తర్వాతివాళ్ళు చాలా సవరించారు. కానీ మెదడు నొప్పిని ఊరికే అందుకోదు, తయారు చేయడంలో దానికీ చెయ్యి ఉందన్నది నిలబడింది. 1968లో మెల్జాక్, కేసీ నొప్పికి మూడు ముఖాలున్నాయన్నారు. ఎక్కడ, ఎంత అన్న స్పర్శ. భరించలేను అన్న బాధ. ఇది దేనికి వచ్చింది, ఏమవుతుంది అన్న తలపు. వాల్ దగ్గర పనిచేసిన క్లిఫర్డ్ ఊల్ఫ్ 1983లో ఇంకొకటి చూపించాడు. గాయం నుంచి వార్తలు పదేపదే వస్తే వెన్నుపామే మారిపోయి, చిన్న తాకిడిని కూడా పెద్ద నొప్పిగా పంపుతుంది. అంటే ఏళ్ళ తరబడి నొప్పిలో ఉన్న మనిషి ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. ఆమె నరాలు మాత్రం మారిపోయి ఉండొచ్చు. "మనసులో ఉంది" అనే మాటకు "లేదు" అనే అర్థం చెప్పేవాళ్ళకు ఇది జవాబు.

ఇక్కడ మనవాళ్ళు కొందరు ఎగిరి గంతేస్తారు. "చూశారా, ఇదంతా బుద్ధుడు ఎప్పుడో చెప్పాడు" అని. వేదాల్లో విమానాలున్నాయనేవాళ్ళను మనం నవ్వుతాం కదా, మనం ఆ పని చేయొద్దు. వెన్నుపాము సంగతి బుద్ధుడు చెప్పలేదు. ఆయన వేదనను గమనించమన్నాడు, అది వేరే గొప్ప పని. పైగా ఈ పరిశోధన మన కథను కొంచెం ఇబ్బంది పెడుతుంది కూడా. స్పర్శ, బాధ, తలపు ఒకదానిలో ఒకటి కలిసే ఉంటాయి. మొదటి బాణం ఇక్కడ ముగిసింది, రెండోది ఇక్కడ మొదలైంది అని బయటినుంచి ఎవరూ గీత గీయలేరు. ఆ గీత వెతుక్కోగలిగితే, నొప్పి ఉన్న మనిషే తన లోపల వెతుక్కోవాలి.

ధ్యానం పనికిరాదని నేననను. 2011లో ఫాదెల్ జైదాన్, తోటివాళ్ళు 15 మందికి నాలుగు రోజులు, రోజుకు 20 నిమిషాలు శ్వాస మీద ధ్యాస నేర్పి, కాలికి వేడి తగిలించి చూశారు. నొప్పి తీవ్రత 40 శాతం, దాని వల్ల కలిగే బాధ 57 శాతం తగ్గినట్టు వాళ్ళు చెప్పారు. మంచిదే. కానీ వాళ్ళు ఆరోగ్యవంతులు. కాసేపటి వేడి. మర్నాడు తెల్లారి నాట్లకు వెళ్ళాల్సిన అవసరం లేనివాళ్ళు.

ఇంకో సుత్త ఉంది, మనం తక్కువగా చెప్పుకునేది. మోళియ సీవకుడు అనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి అడిగాడు, మనిషి అనుభవించేదంతా పూర్వం చేసిన కర్మ ఫలమేనా అని. బుద్ధుడు కాదన్నాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, అవి కలవడం, రుతువు మారడం, శరీరాన్ని సరిగా చూసుకోకపోవడం, ఇతరులు కొట్టడం, వీటివల్ల కూడా వేదన పుడుతుంది అన్నాడు. కర్మ ఫలం ఆ జాబితాలో చివరన ఒకటి. ఆ ఒక్కదాన్ని పట్టుకునే మన తాతలకు "గత జన్మ పాపం" అని చెప్పారు. పేదల దుస్థితికి సమాజం బాధ్యత తప్పించుకోవడానికే ఆ సిద్ధాంతం పనికొస్తుందని బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో తేల్చేశారు. మధుమేహం, కాళ్ళ నొప్పులు పీడిస్తుండగానే ఆ పుస్తకం పూర్తిచేశారు. 1957లో, ఆయన పోయాక, అది వెలువడింది.

నా భయం ఏమిటంటే, గత జన్మ పాపాన్ని ముందు గుమ్మంలోంచి గెంటేసి, రెండో బాణం పేరుతో వెనక గుమ్మంలోంచి మనమే లోపలికి పిలుస్తున్నామేమో. అప్పుడు "నీ పాపం" అన్నారు. ఇప్పుడు "నీ మనసు" అంటున్నాం. మొదటి బాణం వేసినవాణ్ణి రెండుసార్లూ ఎవరూ అడగలేదు. వంగి చేసే పని, చాలని కూలి, విశ్రాంతి లేకపోవడం, వీటి పేరు ఎత్తకుండా రెండో బాణం గురించి చెప్పడం నా లెక్కలో అధర్మమే.

ఎవరి నొప్పిని నమ్మాలన్నది కూడా సమాజమే నిర్ణయిస్తుంది. 2016లో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో తెల్లజాతి వైద్య విద్యార్థుల్ని, కొత్త డాక్టర్లను అడిగితే, నల్లవాళ్ళ చర్మం మందంగా ఉంటుందన్నట్టి తప్పుడు నమ్మకాల్లో కనీసం ఒకటైనా సగం మందిలో కనిపించింది. ఆ నమ్మకాలున్నవాళ్ళు నల్లజాతి రోగి నొప్పిని తక్కువ చేసి లెక్కగట్టారు. "వాళ్ళవి మొద్దు ఒళ్ళండీ, అలవాటే" అనే మాట మీరు ఎక్కడ విన్నారో నేను చెప్పక్కర్లేదు. నొప్పి అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరించి, నాకు నొప్పిగా ఉందని మనిషి చెబితే ఆ మాటను గౌరవించాలని అందులో చేర్చింది. అంత చిన్న మాట రాయడానికి అంతకాలం పట్టింది.

బుద్ధుడికీ నడుం నొప్పి వచ్చింది. కపిలవస్తులో శాక్యుల కొత్త సభా మందిరంలో రాత్రి పొద్దుపోయేదాకా బోధించి, వీపు నొప్పిగా ఉంది, కాస్త నడుం వాలుస్తానని ఆనందుడికి ధమ్మం చెప్పమన్నాడు. అందరి ముందూ పడుకున్నాడు. నాకది మామూలు విషయంగా అనిపించదు. నొప్పి ఉందని నలుగురిలో చెప్పడం ఆయనకు నామోషీ కాలేదు.

పోయిన ఏడాది మా పెద్దమ్మ చెప్పిన మాటల్నే ఒక కాగితం మీద రాశాను. నడుం దగ్గర పట్టేయడం, పిక్కలో గుంజుడు, పాదంలో మంట, రాత్రి రెండింటికి జివ్వుమని లేపుతుంది. ఇంకో ఆస్పత్రిలో చూపిస్తే ఆ డాక్టరమ్మ అదంతా చదివి, "పాదం పైన మంటా, అరికాల్లోనా?" అని అడిగింది. మందు మార్చింది. నొప్పి పోలేదు, కొంత తగ్గింది. విహారంలో ఇప్పుడు వెనక వరసలో నాలుగు కుర్చీలు వేశాం. ఆనాపానసతి మొదలయ్యాక మా పెద్దమ్మ అందులో ఒకదానిలో కూర్చుని కళ్ళు మూసుకుంటుంది. ఒక్కోసారి నిద్రపోతుంది. ఎవరూ లేపరు.