కాదన్న బిడ్డకు ఇంటిలో చోటు

వైశాఖ శుద్ధ తదియ బసవ జయంతి. ఆనాడు మన ఇండ్లలోను మఠములలోను పిల్లలకు మొట్టమొదట చెప్పు కథ ఏది? ఎనిమిదేండ్ల బాలుడొకడు తన తండ్రి తలపెట్టిన ఉపనయనమును వలదన్న కథ. మండెంగ మాదిరాజునకును మాదాంబకును కలిగిన ఆ బిడ్డ తండ్రితో వాదించి, శివభక్తునకు ఈ కర్మముతో పనిలేదని చెప్పి, తుదకు ఇల్లు వీడిన వృత్తాంతమును పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ద్విపదలో వర్ణించినాడు. మనము దానిని గర్వముతో చెప్పుదుము. పిల్లలు చెవియొగ్గి విందురు. నెల తిరుగకముందే, పదవ తరగతి ముగించిన మన కుమారుడు "నాయినా, నేను ఆ గ్రూపు చదువ" అన్నచో మాత్రము వాడు పెద్దల మాట వినని కొరగానివాడగును.

ఈ రెంటికిని పొత్తు ఎట్లు కుదురును? ఒక బాలుని నిరాకరణమును పండుగ చేసికొను మనము, మన పిల్లల నిరాకరణమును మాత్రము దోషముగా ఎట్లు ఎంచుచున్నాము? "బసవేశ్వరుడు కారణజన్ముడు, మన పిల్లలు సామాన్యులు" అని సమాధానము చెప్పువారు కలరు. ఆ సమాధానము సులభమైనదే కాని నాకు తృప్తి కలిగించుట లేదు. మాదిరాజు కన్నుల యెదుట నిలిచినవాడు ఎనిమిదేండ్ల కుఱ్ఱడే. నందికేశ్వరుని వరమున కలిగిన బిడ్డయని తెలిసియు, ఆ తండ్రి వడుగు చేయక విడువనని పట్టుపట్టినాడు. మహాత్ముని కన్న తండ్రికే ఆ పట్టుదల తప్పనప్పుడు మనబోంట్ల మాట చెప్పవలెనా?

హరిహరకవి కన్నడమున రచించిన బసవరాజదేవర రగళెలో ఈ ఘట్టము వేఱుగా ఉన్నది. అందు తల్లిదండ్రులు గతింపగా అవ్వ పెంచిన బసవన్న, వడుగైన పిమ్మట యజ్ఞోపవీతమును తానే త్యజించి కూడలసంగమమునకు పోయినాడు. ఏ కథనము పూర్వమైనదను చర్చ పండితులకు వదలుదము. రెండు కథలలోను నిర్ణయము ఆ బాలునిదే యగుట మనకు ముఖ్యము.

అయితే మనము కథ చెప్పునపుడు తొందరలో దాటిపోవు వ్యక్తి యొకరు కలరు. ఆమె అక్క నాగమ్మ. తండ్రి ఇల్లు వీడిన బసవన్న ఒంటరిగా పోలేదు, ఆమె వెంట నడచినది. తరువాత, సంప్రదాయము మేనమామగా చెప్పు బలదేవ దండనాయకుడు ఆ యువకునకే తన కుమార్తె గంగాంబ నిచ్చి వివాహము చేసినాడు. తండ్రికి కానివాడు మేనమామకు కానివాడు కాలేదు. ఆ అక్కయు ఆ మేనమామయు లేనిచో, ఇల్లు విడిచిన ఆ బాలుని గతి ఏమై యుండెడిదో ఊహింపుడు. నాగమ్మ కుమారుడు చెన్నబసవన్న పెరిగినది కూడ ఇట్టి బాంధవ్యములోనే. చిన్న వయస్సుననే శరణుల నడుమ పెద్దరికము వహించినాడు.

పెంపకమును గూర్చి మాటాడునపుడు మనము సాధారణముగా గారాబము ఎక్కువయా, దండన తక్కువయా అని తూచుచుందుము. నా దృష్టిలో అంతకన్న ముందు అడుగవలసిన ప్రశ్న వేఱు. బిడ్డ "కాదు" అన్నప్పుడు ఆ మాటను వినువారు ఆ యింట ఒక్కరైనను ఉన్నారా? ఉన్నచో కఠినమైన ఇల్లును బిడ్డను చెఱుపదు. లేనిచో మెత్తని ఇల్లును కాపాడజాలదు.

అమరచింత సంస్థానమునకు ముఖ్యపట్టణమై యుండిన మన ఆత్మకూరున, పూర్వము ఈ ప్రశ్న అంతగా పుట్టియుండదు. నేతవాని మగ్గము కొడుకునకు వచ్చెడిది, రైతు నాగలి కొడుకునకు వచ్చెడిది. ఎంచుకొనుటకు రెండవది లేనపుడు కలహమునకు తావెక్కడిది? నేడు మన పిల్లల ముందు పది దారులున్నవి. కాని ఆ పదింటిలో ఒకదానిని ఏరి ఇచ్చువారు మాత్రము పాతవారే. పదవ తరగతి పిల్లలను "ముందు ఏమి చదివెదరు?" అని అడిగినచో, "మా నాయిన ఎంపీసీ అన్నడు సార్" అను ఉత్తరమే తఱచుగా వచ్చును. నేను అడిగినది వానిని, చెప్పినది వాని తండ్రి ఉత్తరము. జూన్ మాసమున ఆత్మకూరు బస్సుస్టాండులో ట్రంకుపెట్టెలతో, పరుపుచుట్టలతో హైదరాబాదు బండికై నిలుచుండు పిల్లల ముఖములను చూచినవారికి, ఎవరు తమ ఇష్టముతో పోవుచున్నారో ఎవరు పంపగా పోవుచున్నారో వేఱుగ చెప్పనక్కఱ లేదు.

తండ్రిని నిందించుట నా ఉద్దేశము కాదు. మూడెకరముల చేను, దానిపై అప్పు, పెండ్లికెదిగిన కూతురు గల మనుష్యునకు కొడుకు చదువు ఒక్కటే పణము. అది ఓడినచో మఱల ఆడుటకు ఆతని చేత ఏమియు మిగులదు. కనుకనే ఆతడు తానే పాచిక వేయగోరును. భయము ఆతనిచేత శాసింపజేయుచున్నది. ఈ భయమును బిడ్డయు ఎఱుగును. ఎఱిగి, తనకు అబ్బని లెక్కలను రెండేండ్లు మోయును. మోయలేనపుడు ఇంటికి చెప్పడు. చెప్పుటకు వెఱచి, అబద్ధమాడ నేర్చును. కొడుకు అబద్ధములాడుచున్నాడని వాపోవు తండ్రి, నిజము చెప్పిననాడు తాను ఏమి చేసెనో జ్ఞాపకము చేసికొన్నచో కారణము అక్కడనే దొరకును.

ఇక తండ్రియే ఇంట లేని ఇండ్లు. పాలమూరు కూలీలనగా దేశమంతయు ఎఱిగిన మాటయే. గుంపు మేస్త్రి బయానా ఇచ్చి ఆలుమగలను ముంబయికో పుణెకో ఆనకట్ట పనులకో తీసికొనిపోగా, బిడ్డలు అవ్వతాతల దగ్గఱ మిగిలెడివారు. నీళ్లు వచ్చిన ఊళ్లలో ఈ వలస కొంత తగ్గినను పూర్తిగా పోలేదు. అట్టి ఇంటి బాలుడు పదునైదేండ్లకే బడి మాని గుంపులో చేరినచో, తండ్రిని ధిక్కరించినవాడనుట న్యాయమా? అడుగుదమన్నను ఆతనికి తండ్రి దగ్గఱ లేడు. మేస్త్రి యున్నాడు, ముందుగా పోయిన స్నేహితుడున్నాడు. ఆతడు వారినడిగెను.

ఆడపిల్లల సంగతి ఇంకను క్లిష్టమైనది. గద్వాల ప్రాంతమున సీడు పత్తి సాగు విస్తారము. సంకర విత్తనము కట్టవలెనన్న మొగ్గనుండి కేసరములను తొలగించి, మఱునాడు వేఱొక జాతి పుప్పొడిని చేతితో అద్దవలెను. వేలకొలది పూవులకు దినదినము చేయవలసిన ఆ పనికి చిన్న చేతులును తక్కువ కూలియు కావలెనని ఆడపిల్లలను విశేషముగా దింపిరి. బడి నడచు దినములలోనే ఆ పని యుండును. "బలవంతమేమియు లేదు, పిల్లయే వచ్చెదనన్నది" అని పెద్దలు చెప్పుదురు. అన్నదేమో, నిజమే. కాని కాదనుటకు వీలులేని చోట అవునన్న మాటకు విలువ ఎంత? బాల కార్మికులను బడికి చేర్చుటకై 1990వ దశకము నుండి రంగారెడ్డి జిల్లాలో పనిచేసిన మామిడిపూడి వేంకటరంగయ్య ఫౌండేషను అనుభవము ఇట ఉపయోగించును. దానికి నాయకత్వము వహించిన శాంతా సిన్హా, బీద తల్లిదండ్రులకు బిడ్డల చదువుపై కోరిక లేదనుట నిజము కాదని గట్టిగా వాదించినారు. 2003లో ఆమెకు మెగసెసే పురస్కారము లభించినది. బీదరికము నిజమే, ఐనను దాని చాటున ఎన్ని నిర్ణయములు నిరాటంకముగా జరిగిపోవుచున్నవో కూడ చూడవలెను.

అక్కమహాదేవి కథయు ఇట్టిదే. హరిహరుని రగళెలో ఉడుతడి రాజు కౌశికునకు వెఱచిన తల్లిదండ్రులే ఆమెను పెండ్లికి ఒత్తిడి చేసిరి. వారు దుర్మార్గులు కారు, భయపడినవారు. ఆమె షరతులు పెట్టి, అవి భంగమైననాడు రాజగృహము విడిచి కల్యాణమునకు వచ్చినది. కల్యాణమున ఏమి జరిగినది? అనుభవ మంటపమున అల్లమప్రభువు ఆమెను చూచినంతనే కొనియాడలేదు. కఠినముగా ప్రశ్నించినాడు. నీవెవరవు, భర్తను ఏల విడిచితివి, దేహమును వదలితినందువు గాని కురులతో కప్పుకొనుట ఏలయని నిలదీసినాడు. ఆమె ప్రతి ప్రశ్నకును బదులు చెప్పినది. సభ యంతయు విన్నది. శరణ బంధువులారా! యౌవనమున ఉన్నవారితో పెద్దలు మాటాడవలసిన తీరు ఇంతకన్న స్పష్టముగ నాకు మఱెచ్చటను కనబడలేదు. ప్రశ్న మెత్తగా ఉండనక్కఱలేదు. ప్రశ్నించినవాడు ఉత్తరము వినుటకు కూర్చుండవలెను, అంతియే. మన ఇండ్లలో తండ్రి ప్రశ్నలకు లోటు లేదు. "నీకేమి తెలియునురా?" అనునది కూడ ప్రశ్నయే. దానికి ఉత్తరము చెప్పబోయినవాడు చెంపదెబ్బ తినును.

"అయితే పిల్లలన్న దెల్ల సమ్మతింపవలెనా?" అని అడుగవచ్చును. వలదు. బిడ్డ చేతికి సెల్‌ఫోను ఇచ్చి, ఎక్కడికి పోయెనో ఎవరితో తిరిగెనో అడుగని తండ్రి తాను స్వేచ్ఛ నిచ్చితినని సంబరపడును. అది స్వేచ్ఛ గాదు, బరువు దించుకొనుట. 1960వ దశకమున అమెరికాలోని బర్క్లీలో డయానా బామ్రిండ్ అను మనశ్శాస్త్రజ్ఞురాలు చిన్నపిల్లల ఇండ్లను పరిశీలించి, ఆజ్ఞాపించి కారణము చెప్పని పెంపకమును, ఏమియు అడుగని పెంపకమును, కట్టుబాటు విధించుచునే కారణము చెప్పి బిడ్డ మాట వినెడి పెంపకమును వేఱు చేసి చూపినది. మూడవ విధమున పెరిగిన పిల్లలే తమంత తాము నడచుకొనగలవారుగా ఆమెకు కనబడిరి. 1994లో రూత్ చావో అను పరిశోధకురాలు, చైనా కుటుంబములలోని కఠినత్వమును ఈ కొలతతో కొలువరాదనియు, అందు శిక్షణయు, బిడ్డకై పడు శ్రమయు కలిసి యుండుననియు వ్రాసినది. మన పెద్దల కాఠిన్యమును నేనును ఆ విధముగనే చూతును. తెల్లవారుజామున లేచి బిడ్డకు సద్ది కట్టి, లెక్కలు రాలేదని కసరు తల్లిని ప్రేమ లేనిదనువాడు మన ఇండ్లను ఎఱుగడు.

బసవన్న నిరాకరణమును సోమరితనపు నిరాకరణము నుండి వేఱు చేయు గుర్తు ఒకటి కలదు. ఆతడు సుఖమునకై కాదనలేదు. కాదన్నందులకు ఇల్లు పోయినది, తల్లి ఒడి పోయినది. మన పిల్లవాడు ఒక దారి వలదన్నచో, తాను కోరిన దారిలో ఏ కాయకము చేయునో, దాని కష్టమెంతో వానిచేత చెప్పింపవలెను. ఉత్తరము చెప్పగలిగినవాడు సగము దారి నడచినట్లే. చెప్పలేనివానికి తన మాటలోని బోలుతనము తనకే తెలియును. తండ్రి అఱచి చెప్పనక్కఱలేదు.

వివాహము మాట ఎత్తకున్నచో ఈ వ్యాసము పిఱికిదగును. సమగార హరళయ్య కుమారునకును, బ్రాహ్మణ వంశమున పుట్టి శరణుడైన మధువరసు కుమార్తెకును కల్యాణమున పెండ్లి జరిగెననియు, అందులకు తండ్రులిద్దఱును బిజ్జలుని ఘోరశిక్షకు గురియైరనియు సంప్రదాయము చెప్పుచున్నది. ఆ తండ్రులు తమ ప్రాణములను ఒడ్డి బిడ్డల పక్షమున నిలిచిరి. మన తెలంగాణముననే 2018లో మిర్యాలగూడలో, అగ్రకులపు యువతి వరించి పెండ్లాడిన దళిత యువకుని ఆసుపత్రి ముందర, గర్భవతియైన ఆమె కన్నుల యెదుట నఱికి చంపిరి. కూతురి తండ్రియే చంపించెనని అభియోగము. తీర్పు రాకముందే 2020లో ఆ తండ్రి మరణించినాడు; 2025లో నల్లగొండ న్యాయస్థానము మిగిలినవారికి శిక్షలు విధించినది. ఆ తండ్రికి కూతురిపై మమకారము లేదని ఎవరును అనలేదు. హరళయ్య మధువరసుల పేర్లను మన మఠములలో ఏటేట తలచుచున్నాము. అదే వారమున మన ఇంటి కూతురు ఉపపంథముగాక వేఱు కులముగాక, మఱియొక ఇంటివాని పేరు చెప్పినచో ఆ సంస్మరణలో ఎంత మిగులునో ప్రతివారును తమ ఇంటనే చూచుకొనవలెను.

మన ఆచారముననే ఈ చిక్కునకు ఒక సూచన కలదు. బిడ్డ పుట్టగనే లింగధారణ చేయుదుము. అప్పుడు బిడ్డ నడుగుట లేదు, అడిగిన చెప్పలేదు. ఆ నిర్ణయము తల్లిదండ్రులదే. కాని దీక్షనాడు గురువు ఇష్టలింగమును బిడ్డ అరచేతిలో ఉంచును. మెడకు కట్టినది పెద్దలు. అరచేత నిలిపి చూచుకొనవలసినవాడు తాను. అరచేతి లింగమును తండ్రి ఇంకను తన పిడికిట బిగించి పట్టుకొనినచో, ఆ పూజ ఎవరు చేసినట్లు?

మఠాధిపతులకు ఒక విన్నపము. పాదపూజకు ఇండ్లకు విచ్చేయునపుడు తండ్రిని మాత్రమే కుశలమడుగక, ఎదిగిన పిల్లలను ప్రక్కకు పిలిచి రెండు మాటలడుగుడు. ఇంట చెప్పుకొనలేనిది మీతో చెప్పుకొందురు. నాగమ్మ లేని ఇంటికి జంగమమే నాగమ్మ కావచ్చును. వచ్చు బసవ జయంతినాడు ఉపన్యాసములు రెండు తగ్గించి, ఆ గంటసేపు పదవ తరగతి, ఇంటరు పిల్లలను మాటాడనిచ్చి, తల్లిదండ్రులు క్రింద కూర్చుండి వినునట్లు సభ చేసిన బాగుండునని మా ఊరి పెద్దలతో అనుచున్నాను. కొందఱు ఒప్పుకొనిరి, పిల్లలు హద్దు మీఱుదురని కొందఱు సందేహించుచున్నారు. ఇంకను మాటలు జరుగుచున్నవి.