కంటికి కనిపించని బలం: ట్రాక్ బైకు ఫుట్‌పెగ్గులూ ప్రమాణ విచారమూ

ఒక వస్తువులో కంటికి ఆనని గుణం ఉన్నదని మనిషి దేని ఆధారంగా నిశ్చయించుకోవాలన్న ప్రశ్నను న్యాయ, మీమాంసా దర్శనాలు శతాబ్దాల పాటు చర్చించాయి. ట్రాక్ మీద నడిపే మోటారు సైకిలుకు తక్కువ ధరలో ఫుట్‌పెగ్గుల జత కొనబోయే వ్యక్తి ముందు నిలిచేది అదే ప్రశ్న. అతడికి కావలసిన గుణం లోహపు బలం. అది పెట్టె విప్పినప్పుడు కనిపించదు, బిగించినప్పుడూ తెలియదు, మలుపులో ఒరిగిన బండి మీద శరీర భారమంతా కాలి మీదికి వచ్చిన క్షణంలో మాత్రమే దాని ఉనికీ లేమీ తేలతాయి.

ఫుట్‌పెగ్ అంటే పాదం ఆనించే చిన్న కడ్డీ. దానిని ఫ్రేముకు పట్టి ఉంచే పలక, మడమ పక్కన ఉండే రక్షణ రేకు, వెనక బ్రేకు పెడలు, గేరు లివరు, ఆ లివరును గేర్‌బాక్సుతో కలిపే కడ్డీ, ఇవన్నీ చేరిన కూర్పును రియర్‌సెట్ అని పిలుస్తారు. రోడ్డు బండికి కంపెనీ అమర్చే పెగ్గు సుఖంగా కూర్చోవడం కోసం కొంత కిందికీ ముందుకూ ఉంటుంది కనుక, శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వంటి చోట బండి బాగా ఒరిగినప్పుడు అది నేలను గీరుతుంది. మడత పడని గట్టి భాగం నేలను బలంగా తాకితే వెనక టైరు పట్టు తప్పి బండి పడిపోవచ్చు. అందుచేత పెగ్గును పైకీ వెనక్కీ జరిపే రియర్‌సెట్ ట్రాక్ బండికి అలంకారం కాదు, అవసరం. పైగా బండి పడినప్పుడల్లా దెబ్బ తినే మొదటి భాగాల్లో అదొకటి కాబట్టి పదే పదే కొనవలసినది. తక్కువ ధరను కోరడంలో తప్పు పట్టవలసినదేమీ లేదు.

ఈ కూర్పులు ఎక్కువగా రెండు అల్యూమినియం మిశ్రలోహాలతో తయారవుతాయి. 6061-టీ6 అనే రకం సుమారు 275 మెగాపాస్కళ్ళ ఒత్తిడి దగ్గర శాశ్వతంగా వంగడం మొదలుపెడితే, 7075-టీ6 అనే రకం సుమారు 500 మెగాపాస్కళ్ళ వరకు నిలుస్తుంది. బలంలో ఇంత తేడా ఉన్నా, రెండింటి సాంద్రత దాదాపు ఒకటే, వంచబోతే ఎదురు నిలిచే బిగువూ దాదాపు ఒకటే. చేతిలో పట్టుకొని తూచినా, నొక్కి చూసినా, పై రంగును ఎంత పరిశీలించినా ఏది ఏదో చెప్పడం ఎవరి తరమూ కాదు. ప్రత్యక్షం, అంటే ఇంద్రియాల ద్వారా కలిగే జ్ఞానం, ఇక్కడ ఆగిపోతుంది. కీలు దగ్గర పెడలు అటూ ఇటూ ఊగడం, మర సరిగా పట్టకపోవడం, రంధ్రం ఫ్రేములోని రంధ్రంతో కలవకపోవడం వంటి లోపాలు ప్రత్యక్షానికి అందుతాయి. అందుతాయి కనుకనే అవి అంత భయపెట్టవలసినవి కావు.

ప్రత్యక్షం ఆగిన చోట అనుమానం, అంటే హేతువును చూసి సాధ్యాన్ని నిర్ణయించే జ్ఞానం, మొదలవుతుంది. అంచులు చక్కగా తీరి ఉన్నాయి, సీఎన్‌సీ యంత్రం గీతలు సమంగా ఉన్నాయి, ఆనోడైజింగ్ రంగు నిగనిగలాడుతోంది, కాబట్టి వస్తువు దృఢమైనదని కొనేవాడు ఊహిస్తాడు. తర్కసంగ్రహం రాసిన తెలుగు పండితుడు అన్నంభట్టు ఇటువంటి ఊహలోని దోషాన్ని ఉపాధి అనే భావనతో వివరించాడు. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందనడం తప్పు. తడి కట్టె కలిసినప్పుడే నిప్పు పొగను పుట్టిస్తుంది, చెప్పకుండా మిగిలిపోయిన ఆ తడి కట్టే ఉపాధి. చక్కని పనితనానికీ బలానికీ మధ్య ఉన్నదనుకున్న నియత సంబంధంలో ఇలా మరుగుపడిన ఉపాధి మిశ్రలోహపు జాతి, దానికి పెట్టిన వేడి సంస్కారం. మెత్తని లోహాన్ని కూడా మంచి యంత్రం మీద అందంగా చెక్కవచ్చు; ఆనోడైజింగ్ పై పొరను గట్టిపరుస్తుందే తప్ప లోపలి బలాన్ని పెంచదు.

ఇక మిగిలింది శబ్దం, అంటే ఇతరుల మాట ద్వారా కలిగే జ్ఞానం. పలక మీద చెక్కిన 7075 అనే అంకె ఒక వాక్యం. అది లోహం గురించి ఎవరో చెబుతున్న మాట. జ్ఞానం పుట్టినప్పుడే ప్రామాణ్యంతో, అంటే సత్యత్వంతో, పుడుతుందనీ, దానిని కాదనే బాధక జ్ఞానం ఎదురయ్యేదాకా నమ్మవచ్చుననీ మీమాంసకుల స్వతఃప్రామాణ్య వాదం. ప్రామాణ్యం వేరొక ఆధారం వల్లనే తెలియాలని నైయాయికుల పరతఃప్రామాణ్య వాదం. రోజువారీ జీవితం మీమాంసకుల మార్గంలోనే సాగుతుందనడం నిజం. అయితే ఇక్కడ బాధక జ్ఞానం పెగ్గు విరగడం రూపంలోనే వస్తుంది కనుక దాని కోసం వేచి ఉండడం సాధ్యం కాదు. ఈ విషయంలో నైయాయికుల పట్టుదలే సమంజసంగా కనిపిస్తుంది.

ఆ వేరొక ఆధారాల్లో ఒకటి తజ్జాతీయత్వం, అంటే ఇంతకుముందు సత్యమని తేలిన దాని జాతికే ఇదీ చెందడం. పేరున్న తయారీదారు వసూలు చేసే అధిక ధరలో గణనీయమైన భాగం దీని కోసమే. ఈ జత, ఇప్పటికే ఎన్నో పందేలలో నిలిచిన జతల జాతికి చెందినదని అతడు హామీ పడుతున్నాడు. చవక నకలులో ఆకారం అదే అయినా జాతి అదేనన్న నిశ్చయం లేదు, ఎందుకంటే ఒక విడతలో వాడిన లోహమే తరువాతి విడతలోనూ వాడారని చెప్పేవారు ఉండరు. కాబట్టి ధర తగ్గినప్పుడు పరీక్షించే భారం తయారీదారు నుంచి కొనుగోలుదారు మీదికి జరుగుతుంది. ఈ జరుగుబాటును గుర్తించి ఆ భారాన్ని మోయడానికి సిద్ధపడిన వాడికి చవక జత న్యాయమైన ఎంపికే; లోహపు కాఠిన్యాన్ని కొలిచే పరీక్ష పారిశ్రామిక వాడల్లో చేస్తారు, రెండు మిశ్రలోహాల మధ్య తేడా అందులో స్పష్టంగా బయటపడుతుంది.

మరొక ఆధారం ప్రవృత్తి సామర్థ్యం, అంటే నమ్మి చేసిన పని ఫలించడం. నీరని నమ్మి వెళ్ళినవాడి దాహం తీరితే ఆ జ్ఞానం సత్యమే. ఈ వాదాన్ని రైడర్లు తెలియకుండానే రోజూ వాడతారు: ఇన్నాళ్ళుగా విరగలేదు, కనుక గట్టిదే. అల్యూమినియం విషయంలో ఈ వాదం లోపభూయిష్టం. సాధారణ ఉక్కుకు ఒక హద్దు ఉంది, ఆ హద్దుకు లోబడిన భారాన్ని ఎన్నిసార్లు మోసినా అలసట వల్ల అది విరగదు. అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన హద్దు లేదు, చిన్న భారమైనా లెక్కకు మించి పడితే మర అడుగునో పదునైన మూలలోనో సన్నని పగులు పుట్టి మెల్లగా పెరుగుతుంది. గతంలో మోసిన ప్రతి భారం బలానికి సాక్ష్యమే కాదు, బలంలో కొంత ఖర్చు కూడా.

ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు పొరుగున ఉన్న శ్రీపెరుంబుదూరు రామానుజుల జన్మస్థలం. ముత్యపుచిప్పను వెండి అనుకున్నప్పుడు కూడా ఆ జ్ఞానం పూర్తిగా శూన్యాన్ని పట్టుకోలేదనీ, చిప్పలో వెండి అంశ స్వల్పంగా ఉన్నదనీ, ఆ అంశ వ్యవహారానికి చాలకపోవడమే భ్రమ అనీ రామానుజులు ప్రతిపాదించారు. నకలు రియర్‌సెట్‌ను అంతా మోసమని కొట్టివేసేవారికి ఈ దృష్టి మేలు చేస్తుంది. అందులో నిజమైన లోహం ఉంది, నిజమైన పనితనం ఉంది, కొంత నిజమైన బలమూ ఉంది. అది ఎంత వ్యవహారానికి చాలుతుందన్నదే విచారించవలసింది. నెలకొకసారి ట్రాక్‌కు వెళ్ళే తేలికపాటి బండికి చాలినది, పందేల్లో నడిచే బరువైన బండికి చాలకపోవచ్చు.

బలం ఎంత ఎక్కువైతే అంత మేలన్న భావన కూడా ఇక్కడ నిలవదు. బండి పడినప్పుడు పెగ్గు విరిగి, పలక మిగిలి, ఫ్రేములోని మర చెడకుండా ఉండాలి; విరగనే విరగని పెగ్గు ఆ దెబ్బను ఫ్రేముకు చేరవేస్తుంది. పెగ్గు, పెడలు కొన, లివరు విడివిడిగా దొరికే చవక కూర్పు, మొత్తం జతగా తప్ప దొరకని ఖరీదైన కూర్పు కంటే ఈ కోణంలో ఉత్తమమైనది. అయితే నడుస్తుండగా విరిగిన పెగ్గు ఒక్క రైడరునే పడవేయదు, వెనక వచ్చేవారి దారిలో అతడినీ బండినీ పడవేస్తుంది. దృష్ట ప్రయోజనం, అంటే ఈ లోకంలోనే కనిపించే ఫలం, ఉన్న పనుల్లో సంశయంతోనే దిగవచ్చునని నైయాయికులు ఒప్పుకున్నారు. కాని ఆ సంశయం రైడరుదై, దాని ఫలితం ఇతరుల మీద కూడా పడేటప్పుడు వారి అనుమతి ఎవరు తీసుకున్నారన్న ప్రశ్నకు జవాబు లేదు.

తక్కువ ధర వెతికేవారిలో చాలామంది చివరకు వాడిన జతనే కొంటారు, అక్కడ ప్రమాణమంతా అమ్మేవాడి మాటే. వస్తువును ప్రత్యక్షంగా ఎరిగి, ఎరిగినది ఎరిగినట్టు చెప్పాలన్న కోరికతో పలికేవాడు ఆప్తుడని న్యాయభాష్యకారుడు వాత్స్యాయనుడు నిర్వచిస్తూ, ఈ లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ సమానమేనన్నాడు. సరుకు ఏ దేశానిదన్న దానిని బట్టి నమ్మకాన్ని పంచేవారు ఆ మాటను గమనించాలి. రియర్‌సెట్ అమ్మే రైడరుకు ఆ జత ఎన్నిసార్లు నేలకు కొట్టుకుందో తెలుసు, వంగిన పలకను తిరిగి సరిచేశారో లేదో తెలుసు. కొనేవాడికి తెలిసే మార్గం అతడు తప్ప వేరే లేదు.