గుడికి ఫోన్ తీసుకెళ్లాలా?

తిరుమలలో దర్శనానికి వెళ్లేముందు ఫోన్ కౌంటర్లో ఇచ్చేస్తాం. గంటలకొద్దీ లైన్లో ఉన్నా ఏమీ ఆగిపోదు. అదే మన వీధి చివర గుడిలో అయితే? ఒక చేత్తో హారతి కళ్లకద్దుకుంటూ, ఇంకో చేత్తో వీడియో తీస్తుంటాం.

"ఆన్‌కాల్ ఉంది బ్రో" అంటారా? నాకూ ఉంటుంది. ఆ వారం ఫోన్ జేబులో ఉండాల్సిందే, అది డ్యూటీ. ఇంట్లో పెద్దవాళ్లకి ఒంట్లో బాగోకపోయినా అంతే. మిగతా రోజుల సంగతి అడుగుతున్నా.

గీత 2వ అధ్యాయం 58వ శ్లోకంలో కృష్ణుడు తాబేలు ఉదాహరణ చెప్తాడు. అది కాళ్లు కోసేసుకోదు కదా, లోపలికి ముడుచుకుంటుంది, అంతే. తిరుమలలో ఫోన్ పక్కన పెట్టించేది రూలు. వీధి గుడిలో చెక్ చేసేవాళ్లు లేరు, కాబట్టి నా దృష్టిలో అసలు పరీక్ష అక్కడే. ఈ శనివారం ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్లండి. ప్రదక్షిణ చేస్తుంటే చెయ్యి ఎన్నిసార్లు ఖాళీ జేబులోకి వెళ్తుందో చూడండి!