ఆ లక్ష ఎవరిది?

2023లో తెలంగాణ ప్రభుత్వం పేద మైనారిటీలకు చిన్న వ్యాపారాల నిమిత్తం లక్ష రూపాయల సాయం ప్రకటించింది. అప్పు కాదు, తిరిగి కట్టనక్కరలేదు. చార్మినారు ప్రక్కన లాడ్ బజారుకోసం నిప్పులముందు కూర్చొని లక్క కరిగించి గాజులు చేసే ముస్లిం సోదరుడు, మీ విచారణలో కుట్టుమిషనుతో ఇల్లు నెట్టుకొచ్చే చెల్లెలు, చట్టం దృష్టిలో ఇద్దరూ మైనారిటీలే. వడ్డీ నిషిద్ధమని నమ్మే పాతబస్తీ కుటుంబానికి బ్యాంకు అప్పుకంటె ఈ సాయమే మేలు. (మన శ్రీసభ కూడా 1179లో, మూడవ లాతరాను మహాసభలో, వడ్డీవ్యాపారులకు క్రైస్తవ సమాధిని నిరాకరించింది!)

అప్పుడు పట్టణాలలో ఆదాయ పరిమితి ఏటా రెండు లక్షలుగా పెట్టారు. మరి నాలుగు లక్షలు గడించే దుకాణదారుడు తక్కువ ఆదాయానికి ధ్రువపత్రం తెచ్చుకొని ఆ సొమ్ము తీసికొంటే అది దొంగతనమా? "సర్కారు డబ్బే కదా, ఎవరి జేబు కొట్టాం?" అంటారు. జేబు కనబడదు, అంతే. నిధికి హద్దున్నది, ఒకరికి అందితే వేరొకరి దరఖాస్తు మూలనపడుతుంది. ఆ వేరొకరు దినవడ్డీకి తెచ్చి సరుకు కొంటున్నవారు కావచ్చు, ఆదివారం పూజలో మీ వెనుక వరుసలో మోకరించేవారూ కావచ్చు. నా మట్టుకు అది దొంగతనమే.

రెండు లక్షల పదివేలు వచ్చేవారి మాటేమిటి? వారి బాధ నిజం. గీత మార్చమని అధికారులను గట్టిగా అడగాలి; అబద్ధంతో దాటితే నష్టపోయేది అధికారి కాదు.

ఇప్పటికే తీసికొన్నవారున్నారా? పాపసంకీర్తనం చేస్తే చాలదు, సొమ్ము తిరిగి ఇవ్వాలి. ఆఫీసులో ఎలా కట్టాలో ముందు అడగండి. అక్కడ దారి లేకుంటే, దరఖాస్తు తిరిగివచ్చిన పొరుగువారికి పెట్టుబడిగా ఇవ్వండి, ఏ మతస్థులైనా సరే, వడ్డీ లేకుండా, వెనక్కు అడగకుండా.