వీపుకి కళ్ళుండవు

వెనకనించి వినిపించే సైకిలు బెల్లుకి అర్థమేమిటంటారు? ‘తప్పుకో’ అనా, ‘వస్తున్నానండీ’ అనా? చిన్న ప్రశ్నే. కాని మనిషి సంస్కారం ఎంతో ఆ బెల్లు నొక్కే బొటనవేలే చెప్పేస్తుందనిపిస్తుంది నాకు.

లండన్‌లో రీజెంట్స్ కెనాల్ అని ఒక కాలవ ఉంది. 1820లో పూర్తయింది. ఒకప్పుడు దాని గట్టుమీద గుర్రాలు నడుస్తూ తాళ్ళతో పడవల్ని లాగేవి. ఇప్పుడా గట్టుమీదే నడిచేవాళ్ళూ, సైకిళ్ళ వాళ్ళూను. కొడుకు దగ్గరకో కూతురి దగ్గరకో వెళ్ళిన మన తెలుగు అమ్మమ్మ ఒకావిడ మనవడి చెయ్యి పట్టుకుని అక్కడ నడుస్తోందనుకోండి. ఒకపక్క నీళ్ళు, ఇంకోపక్క గోడ. ఎటని తప్పుకుంటుంది పాపం?

లెక్క చూడండి. గంటకి 20 కిలోమీటర్ల వేగంతో వచ్చే సైకిలు సెకనుకి అయిదున్నర మీటర్లు వచ్చేస్తుంది. 2 మీటర్ల దూరంలో బెల్లు కొడితే ఆవిడ ఉలిక్కిపడి సరిగ్గా సైకిలుకే అడ్డం వస్తుంది. అదే 20 మీటర్ల దూరంలో కొడితే, మనవణ్ణి దగ్గరకి లాక్కోవడానికి మూడున్నర సెకన్లయినా దొరుకుతాయి.

2022 జనవరిలో బ్రిటన్ తన హైవే కోడ్‌ని సవరిస్తూ, ఎవరివల్ల ఎక్కువ హాని జరగగలదో వారిదే ఎక్కువ బాధ్యత అంది. నడిచేవాళ్ళని, అందులోనూ వెనకనించి, రాసుకుంటూ వేగంగా దాటొద్దంది. బెల్లు కొట్టండి, లేదా మర్యాదగా పిలవండి. వాళ్ళకి వినబడకపోవచ్చు, కనబడకపోవచ్చు అనీ గుర్తుచేసింది. జపాన్‌లో అయితే కాలిబాట మీద జనాన్ని తప్పించడానికి బెల్లే కొట్టకూడదు. నెమ్మదిగా వెళ్ళాలి, అవసరమైతే ఆగాలి. ఒకరు కొట్టమంటారు, ఒకరు కొట్టొద్దంటారు. ఇద్దరి మాటా ఒకటే: ముందు హక్కు నడిచేవాళ్ళది.

మరి నలుగురూ దారికడ్డంగా కబుర్లాడుకుంటూ నడిస్తేనో, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటేనో వాళ్ళ తప్పు లేదా? ఎందుకు లేదూ! ఉంది. కాని వాళ్ళు మనని చూడటం లేదు, మనం వాళ్ళని చూస్తున్నాం. చూసినవాళ్ళకీ చూడనివాళ్ళకీ తప్పు సమానంగా పంచడం న్యాయమా?

ఆ మాటకొస్తే, ఫోనులో బ్యాంకు పనులు చకచకా చేసేసే పిల్లలు, ఇంకా అక్షరాలు తడుముకుంటున్న తల్లిని దాటిపోయేదీ ఇలాంటి సన్నటి గట్టుమీదే కదూ! దాటడం తప్పు కాదు. వేగం వాళ్ళకి దేవుడిచ్చింది. కాస్త దూరంనించే పలకరించి, పక్కకొచ్చాక నెమ్మదించి దాటితే పోయేది ఓ అరనిమిషం.

ముందు నడిచే మనిషి గుండెదడ ఖరీదు అంతకన్నా తక్కువంటారా?